గుండ్రన, చదును, తిన్నన

రండర్రా, అరుగు మీద చోటు చేసుకుని కూర్చోండి. ఆ చాట ఇటు జరపండి, వేరుసెనక్కాయలు వొలుస్తూ మాట్లాడుకుందాం. వీధి చివరింటి వాళ్ల అంబాసిడర్ ఇంజను దించారనీ, "బండి బోరుకొచ్చింది" అని మెకానిక్కు అన్నాడనీ చెప్పి, బోరుకు రావడమంటే ఏమిటి తాతయ్యా అని అడిగారు కదూ. మంచి మాట అడిగారు. అందులో బోలెడు సైన్సుంది, డబ్బు లెక్క కూడా ఉంది. ముందు సైన్సు చెబుతాను. అది తెలిస్తే డబ్బు ఎక్కడ పోతుందో మీకే అర్థమవుతుంది.

ఆ కారు చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక కారుండేది. దాని మూడో సిరీసు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడాలో అంబాసిడర్‌ను 1957 నుంచి 2014 దాకా తయారు చేశారు. చాలా ఏళ్లపాటు అందులో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. అందులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కటీ 73.025 మిల్లీమీటర్ల వెడల్పు గుండ్రటి గది. ఆ గదిలో పిస్టన్ పైకీ కిందికీ 88.9 మి.మీ. దూరం తిరుగుతూ ఉంటుంది. పలక తెచ్చుకుని ఆ గది ఘనపరిమాణం ఘన సెంటీమీటర్లలో కట్టి, నాలుగుతో హెచ్చవేయండి. సరిగ్గా 1489 వస్తుంది. సీసీ అంటే అంతే!

ఇప్పుడు ఇంకో లెక్క. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. చుట్టుకోసారి పిస్టన్ పైకెళ్లి కిందికి రావాలి. అంటే నిమిషంలో అర కిలోమీటరు పైమాటే. గంట గడిచేసరికి 32 కిలోమీటర్లు. తొమ్మిది సెంటీమీటర్లు కూడా లేని గదిలో అటూ ఇటూ తిరుగుతూ గంటకు 32 కిలోమీటర్లు నడిచేస్తోందన్నమాట! యాభై ఏళ్లు అలా నడిస్తే గోడలు అరగవూ?

అరుగుతాయి, కానీ గోడంతా ఒక్కలా అరగదు. మన పాత బావి ఒర చూశారుగా. అంత పెద్ద రాయిలోనూ చేద తాడు ఒరుసుకున్న చోటే గాడి పడింది, తక్కిన రాయి రాయిలాగే ఉంది. సిలిండరూ అంతే. పిస్టన్‌కు చుట్టూ రింగులుంటాయి. ఆ రింగులకీ గోడకీ మధ్య పల్చటి నూనె పొర ఉండాలి. రింగు వేగంగా జారుతున్నంత సేపూ ఆ పొర నిలుస్తుంది. పిస్టన్ పైకొచ్చి, ఆగి, వెనక్కి తిరిగే క్షణం ఉంది చూశారూ, అప్పుడు వేగం సున్నా. సరిగ్గా ఆ సమయానికే పైన పెట్రోలు మండి వేడీ ఒత్తిడీ ఒక్కసారి మీద పడతాయి. నూనె పొర చితికిపోయి ఇనుము ఇనుముకు తగులుతుంది. అందుకే సిలిండరు పైభాగాన అన్నిచోట్లకంటే ముందు అరుగుదల మొదలవుతుంది. రింగు అందని కొసన మాత్రం పాత గోడ అలాగే మిగిలి చిన్న గట్టు కడుతుంది. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు తీశాక వేలి గోరు లోపల పెట్టి పైకి లాగితే ఆ గట్టు టక్కున తగులుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. పిస్టన్‌ను కింది క్రాంకు షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా తోస్తుంది కనుక పిస్టన్ ఒక పక్క గోడను ఎక్కువగా ఒత్తుతుంది. దాంతో గుండ్రటి గది కోడిగుడ్డు వాటంగా మారుతుంది. గుండ్రటి రింగు కోలగా అయిపోయిన గదిని మూయలేదు. మంట తాలూకు వాయువు కిందికి కారుతుంది, కింది నూనె పైకెక్కి మండి నీలం పొగ వస్తుంది. బండి బోరుకు రావడమంటే ఇదే. కొత్త రింగులు మాత్రం వేయించి సరిపెట్టుకుందామని కొందరు చూస్తారు. గది కోలగా ఉన్నంత కాలం ఆ డబ్బు పొగతో పాటే పోతుంది.

అందుకే ఇంజనును లేత్ షాపుకి, అంటే బోరింగు షాపుకి పంపుతారు. అక్కడ పెద్ద పెద్ద మిషన్లు, ఎగిరే నిప్పు రవ్వలు చూసి ఏవో వంద పనులు జరుగుతున్నాయనుకుంటాం. నా మట్టుకు నాకు అక్కడ కనిపించేవి మూడే పనులు. గుండ్రంగా ఉండాల్సిన దాన్ని గుండ్రన చేయడం, చదునుగా ఉండాల్సిన దాన్ని చదును చేయడం, తిన్నగా ఉండాల్సిన దాన్ని తిన్నన చేయడం. ఈ మూడూ లోహాన్ని గీకి చేసేవే. గీకిన లోహం మళ్లీ రాదు. కాబట్టి గీకేముందు కొలవాలి. ఈ ఒక్క సూత్రం గుర్తు పెట్టుకుంటే షాపులో జరిగేదంతా అర్థమవుతుంది, బిల్లు కూడా.

కొలవడానికి మైక్రోమీటరుంది. దాని గుట్టు చెబితే మీరు గంతులేస్తారు. అది మామూలు మరచుట్టే! ఒక్క చుట్టు తిప్పితే మర అర మిల్లీమీటరు ముందుకు జరుగుతుంది. తిప్పే పిడి చుట్టూ 50 గీతలు గీశారు. ఒక్క గీత తిరిగితే అర మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంటే 0.01 మి.మీ. కంటికి కనిపించని చిన్న జరుగుడును వేలికి అందే పెద్ద తిరుగుడుగా మార్చేశారు చూడండి, ఎంత తెలివో! పాత ఇంగ్లీషు ఇంజన్ల దగ్గర మాత్రం అంగుళాల లెక్కే నడుస్తుంది. అంగుళంలో వెయ్యో వంతును షాపులో థౌ అంటారు, అంటే 0.0254 మి.మీ. మన తల వెంట్రుక మందం రెండు నుంచి నాలుగు థౌలు. లేత్ మేస్త్రీ మాట్లాడేది వెంట్రుకలో భాగాల గురించన్నమాట.

గది గుండ్రంగా ఉండటం ఎంత కష్టమో జేమ్స్ వాట్‌ను అడగాలి. ఆవిరి యంత్రానికి ఆయన తెచ్చిన గొప్ప మార్పుకు 1769లో పేటెంటు వచ్చింది. ఆలోచన బ్రహ్మాండం, సిలిండరే కుదరలేదు. పోత పోసిన గది వంకరగా ఉంటే ఆవిరంతా పక్కల నుంచి పోయేది. అప్పట్లో గది లోపల గీకే పనిముట్టు ఒక్క కొసనే ఆని ఉండేది. దాంతో అది పోతలోని వంకరనే అనుసరిస్తూ పోయేది. జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కొలిమి యజమాని 1774, 75 ప్రాంతాల్లో ఆ చిక్కు విప్పాడు. దిట్టమైన కడ్డీని సిలిండరు ఈ కొస నుంచి ఆ కొసకు దూర్చి, రెండు వైపులా ఆధారమిచ్చి తిప్పాడు. ఇక గది వంకరగా ఉన్నా కడ్డీ వంగదు కదా! యాభై అంగుళాల సిలిండరులోనూ తేడా పాత షిల్లింగు నాణెం మందం దాటలేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోతూ రాశాడు. నాణెం మందం నుంచి వెంట్రుకలో భాగానికి వచ్చాం మనం. విజయవాడ ఆటోనగర్‌లో బోరింగు మిషను తిరుగుతున్నప్పుడు చూస్తే, దాని ముత్తాత ఆ విల్కిన్సన్ కడ్డీయేనని తెలుసుకోండి.

మన అంబాసిడర్ సంగతికి వద్దాం. అరిగిన గదిని తిరిగి గుండ్రన చేయాలంటే అన్నిటికంటే ఎక్కువ అరిగిన చోటు దాకా చుట్టూ గీకాలి. అప్పుడు గది పెద్దదవుతుంది, పెద్ద పిస్టన్ కావాలి. ఆ పిస్టన్లు 20 సైజు, 40 సైజు అని వస్తాయి, అంటే 20 థౌలు పెద్దవి, 40 థౌలు పెద్దవి. నాలుగింటిలో ఒక్క సిలిండరు బాగా అరిగి 40కి వెళ్లాల్సొస్తే తక్కిన మూడూ దాంతోపాటు వెళ్తాయి. 40 సైజుకు బోరు చేసిన 1489 సీసీ ఇంజను 1531 సీసీ అవుతుంది, లెక్క కట్టి చూసుకోండి. వయసు మీద పడి, రిపేరుకెళ్లి, పెద్దదై ఇంటికొస్తుంది పాపం!

ఇక్కడ మా దూరపు చుట్టం ఒకాయన కథ చెప్పాలి. ఆయనకీ పాత కారుండేది. ఎక్కడో చవగ్గా దొరికాయని 20 సైజు పిస్టన్ల సెట్టు ముందే కొనేశాడు. తరవాత బ్లాకు, అంటే సిలిండర్లున్న దిమ్మ, కొలిపిస్తే 40కి గానీ గోడ శుభ్రపడదని తేలింది. అమ్మినవాడు వెనక్కి తీసుకోలేదు. ఆ పిస్టన్లు ఆయన అటక మీద ఎన్నో ఏళ్లున్నాయి. వరస ఎలా ఉండాలంటే, ముందు కొలత, తరవాత పిస్టన్లు కొనడం, ఆ పిస్టన్లను షాపులో పెట్టి వాటి అసలు కొలతకు తగ్గట్టు బోరు చేయించడం. డబ్బాలో వచ్చిన పిస్టన్ల మధ్య కూడా థౌలో భాగాల తేడా ఉంటుంది మరి. మంచి మేస్త్రీ బోరింగు మిషనుతో కొంచెం తక్కువగానే తీసి, చివరి రెండు మూడు థౌలూ హోనింగు రాళ్లతో తీస్తాడు. ఆ రాళ్లు గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీస్తాయి. అద్దంలా నున్నగా ఎందుకు చేయకూడదు అంటారా? నున్నటి గోడ మీద నూనె నిలవదర్రా. ఆ గీతల్లో నూనె దాక్కుంటుంది.

గదికీ పిస్టన్‌కూ మధ్య సందు కూడా లెక్కతో వదలాలి. గది పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. 73 మి.మీ. వెడల్పున్న ఇనుము వంద డిగ్రీలు వేడెక్కితే 0.08 మి.మీ. పెరుగుతుంది. అదే అల్యూమినియం అయితే 0.17 మి.మీ. పెరుగుతుంది, రెట్టింపు! సందు తక్కువైతే పిస్టన్ ఉబ్బి గోడను కరుచుకుంటుంది, ఎక్కువైతే గడగడా కొట్టుకుంటుంది. పైగా పిస్టన్ తల దగ్గర వేడెక్కువ కనుక చల్లగా ఉన్నప్పుడు తలను సన్నంగా, ఒంటిని రవ్వంత కోలగా తయారుచేస్తారు. వేడెక్కాక అది సరైన రూపానికి వస్తుంది. ఎంత ముందుచూపు! కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న వేడి 20 డిగ్రీలు. మన ఊళ్లో మే నెల మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల్లో అల్యూమినియం పిస్టన్‌ను ఉక్కు మైక్రోమీటరుతో కొలిస్తే దాదాపు 0.02 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. అందుకే హోనింగు నుంచి దిగిన బ్లాకును చల్లారనిచ్చి కొలిచే మేస్త్రీని చూస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

గోడ గీకుతూ పోతే ఏదో ఒకనాడు గీకడానికి లోహం మిగలదు. గోడ వెనకే చల్లబరిచే నీళ్లు తిరిగే దారి ఉంది కదా. అప్పుడు గదిని ఇంకా పెద్దది చేసి, అందులో పోత ఇనుప గొట్టాన్ని బిగించి, దాన్ని మొదటి కొలతకు బోరు చేస్తారు. దాన్ని స్లీవు అంటారు. పని ఎక్కువ, ఖర్చూ ఎక్కువ, కానీ ఇంజను వయసు వెనక్కి తిరుగుతుంది.

తరవాత క్రాంకు షాఫ్టు, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు. అంబాసిడర్ క్రాంకు బ్లాకులో మూడు చోట్ల ఆనుకుని తిరుగుతుంది, నాలుగు చోట్ల కనెక్టింగ్ రాడ్లను పట్టుకుంటుంది. ఈ ఏడు మెడలూ గుండ్రంగా ఉండాలి, మొత్తం షాఫ్టు తిన్నగా ఉండాలి. అరిగిన మెడను గ్రైండింగు చేసి 10 థౌలో 20 థౌలో సన్నం చేసి, ఆ మేరకు మందం ఎక్కువున్న బేరింగులు వేస్తారు. మెడకూ బేరింగుకూ మధ్య సందుకు పెద్దలు చెప్పే లెక్క అంగుళం వెడల్పుకు ఒక థౌ. రెండంగుళాల మెడకు రెండు థౌలు. ఆ సందులో నూనె ఉండి, తిరుగుతున్న షాఫ్టును బేరింగుకు తగలకుండా పైకెత్తి పట్టుకుంటుంది. సందు పెరిగితే నూనె పక్కలకు కారిపోయి ఆయిల్ ప్రెషరు పడిపోతుంది. గ్రైండింగులో ఇంకో ఒడుపుంది. మెడ పక్క గోడను కలిసే మూలను మెత్తటి వంపుగా ఉంచాలి. అక్కడ పదునైన మూల పడిందా, బలమంతా ఆ గీత దగ్గరే గుమిగూడి పగులు పుడుతుంది.

పగులు కంటికి కనపడదు, అయినా పట్టే ఉపాయముంది. మీరు ఇసుకలో అయస్కాంతం తిప్పి నల్ల రజను ఏరుకుంటారే, ఆ ఆటే. క్రాంకును అయస్కాంతంగా మార్చి మెత్తటి ఇనుప రజను చల్లుతారు. పగులున్న చోట అయస్కాంత బలం బయటికి పొంగుతుంది, రజనంతా అక్కడ గీతలా చేరుతుంది. దాగిన జబ్బును రజనే గీసి చూపిస్తుంది! ఈ పరీక్షా, దానికి ముందు కాస్టిక్ నీళ్ల తొట్టిలో కడగడమూ అన్నిటికంటే ముందు జరగాలి. తక్కువ ఖర్చయ్యే పరీక్ష ముందు, ఎక్కువ ఖర్చయ్యే పని తరవాత. పగిలిన బ్లాకుకు బోరింగు చేయించాక పగులు బయటపడితే ఎవరేం చేస్తారు? అన్నట్టు ఆ కాస్టిక్ తొట్టిలో ఇనుప ముక్కలే వేయాలి. అల్యూమినియం ముక్క వేస్తే బుసబుసా పొంగి హైడ్రోజన్ వదులుతూ కరిగిపోతుంది. అమ్మ అల్యూమినియం గిన్నెలకు సోడా తగలనివ్వదు కదా, అందుకే.

ఇక చదును సంగతి. బ్లాకు మీద హెడ్డు అతుక్కుని కూర్చోవాలంటే రెండు మొహాలూ చదునుగా ఉండాలి. సరే, అసలు చదునంటే చదునని మొట్టమొదట ఎలా తెలిసింది? దేనితో సరిచూశారు? జోసెఫ్ విట్‌వర్త్ 1840లో పండితుల సభలో వివరించిన పద్ధతి వినండి. రెండు పలకలను ఒకదానితో ఒకటి సరిచేస్తే ఒకటి ఉబ్బుగా, ఇంకొకటి పల్లంగా ఉండి కూడా చక్కగా కలిసిపోవచ్చు. అందుకని మూడు పలకలు తీసుకోవాలి. ఒకటీ రెండూ, రెండూ మూడూ, మూడూ ఒకటీ, ఇలా మార్చి మార్చి సరిచూస్తూ ఎత్తుగా ఉన్న చోట్లు గీకుతూ పోవాలి. మూడు జతలూ కలవాలంటే మూడూ చదునుగా ఉండి తీరాలి, వేరే దారే లేదు. ఏ కొలబద్దా లేకుండా కేవలం తర్కంతో చదును పుట్టించారు! నాకు ఈ మాట తెలిసిన రోజున ఎంత సంతోషమేసిందో చెప్పలేను. షాపులో హెడ్డు మీద పెట్టి చూసే ఉక్కు పట్టీ సరైనదని మనం నమ్ముతున్నామంటే, వెనక ఆ మూడు పలకలున్నాయి.

హెడ్డులో ఎనిమిది వాల్వులుంటాయి, నాలుగు గాలి పీల్చడానికి, నాలుగు పొగ వదలడానికి. పూర్వం పెట్రోలులో సీసం కలిపేవారు. 1921లో థామస్ మిడ్‌గ్లీ ఇంజను కొట్టుకోకుండా ఉండటానికి కనిపెట్టిన ఉపాయమది. ఆ సీసం వాల్వు కూర్చునే సీటు మీద పూతగా పేరుకుని, ఎర్రగా కాలిన వాల్వు ఇనుప సీటుకు అంటుకోకుండా కాపాడేది. కానీ సీసం ఒంటికి విషం, ముఖ్యంగా మీలాంటి పిల్లలకు. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు ఆపేశారు, మహా మంచి పని చేశారు. దాంతో పాత మెత్తటి సీట్లకు మాత్రం గట్టి ఉక్కు సీట్లు వేయించాల్సొచ్చింది. వేడంతా పొగ వదిలే వాల్వులకే తగులుతుంది కాబట్టి ఆ నాలుగింటికి వేయిస్తే చాలు. రంధ్రం కంటే కొన్ని థౌలు పెద్దదైన సీటును బాగా చల్లబరిచి, హెడ్డును వెచ్చబెట్టి లోపల కూర్చోబెడతారు. రెండూ ఒక వేడికి వచ్చేసరికి బిగుసుకుపోతుంది. మా చిన్నప్పుడు కమ్మరి ఇనప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, ఎద్దుల బండి చక్రానికి తొడిగి నీళ్లు పోసేవాడు. పట్టా ముడుచుకుని చక్రాన్ని కరుచుకునేది. అదే సూత్రం, అటుదిటు చేశారంతే.

ఫోర్డు మోడల్ టి లాంటి ఇంకా పాత కార్లకైతే విడి బేరింగులు దొరికే మాటే లేదు. ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందిన తగరపు మిశ్రమాన్ని కరిగించి, బేరింగు ఉండాల్సిన చోటే పోసి, చల్లారాక క్రాంకు ఆనే మూడు బేరింగులనూ ఒకే గీతలో తిన్నగా బోరు చేయాలి. ఆ పని చేతనైనవాళ్లు తక్కువ, కాబట్టి ఖర్చెక్కువ.

ఇప్పుడు బిల్లు మీకే చదవడం వచ్చేసి ఉంటుంది. బోరింగూ హోనింగూ సిలిండరుకింత, అంటే నాలుగుతో హెచ్చవేత. గ్రైండింగు మెడకింత, ఏడుతో. వాల్వు పని వాల్వుకింత, ఎనిమిదితో. కడగడం, పగుళ్ల పరీక్ష, హెడ్డు చదును చేయడం ఒక్కోసారే. రేటులో పది రూపాయల తేడా కోసం బేరమాడేకంటే, ఏ పని ఎన్నిసార్లు, ఎందుకు అని అడిగితే ఎక్కువ మిగులుతుంది. ఇంత తిప్పలెందుకు, వేరే ఇంజను పడేస్తే పోలా అని కొందరంటారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకు వింటేజి రిజిస్ట్రేషను కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి, ఇంజనులో మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, నంబరు పలక మీద వీఏ అనే అక్షరాలు. కాబట్టి పుట్టినప్పటి ఇంజనును బతికించుకోవడమే మేలు.

మీరు పెద్దయ్యాక ఎవరి ఇంజనుకైనా పని చేయిస్తే బిల్లుతో పాటు కొలతల కాగితం కూడా అడగండి. సిలిండర్లు ఎంతకు బోరు చేశారు, మెడలు ఎంతకు సన్నం చేశారు, హెడ్డు మీద ఎంత గీకారు, అన్నీ అంకెల్లో రాయించి కారు కాగితాల్లో పెట్టండి. ఇంకా ఎంత లోహం మిగిలుందో ఆ కాగితమే చెబుతుంది. ముప్ఫయ్యేళ్ల తరవాత ఆ ఇంజను విప్పే మేస్త్రీ అది చూసుకుని, ఎక్కడ ఇంకా గీకవచ్చో, ఎక్కడ స్లీవు వేయక తప్పదో పని మొదలెట్టక ముందే తేల్చుకుంటాడు.